ఇంటర్ ఫస్ట్ ఇయర్‌లో మార్కులు తగ్గాయా? మంచి కాలేజీలో సీటు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన సాయంత్రం నుంచి మాలాంటి జూనియర్ కాలేజీ లెక్చరర్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. సెకండ్ ఇయర్ పిల్లలు ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) గురించో, కౌన్సెలింగ్ గురించో అడుగుతారు. ఫస్ట్ ఇయర్ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అడిగేది మాత్రం ఒక్కటే: "ఇక అయిపోయినట్టేనా సార్?"

కాదు. డిగ్రీ, ఇంజనీరింగ్, మెడిసిన్ కాలేజీల్లో ఒక్కోచోట ఒక్కో లెక్క చూస్తారు. కొన్నిచోట్ల పాసైతే చాలు. కొన్నిచోట్ల ఇంత శాతం ఉండాలంటారు. చాలాచోట్ల ఎంట్రన్స్ ర్యాంకే చూస్తారు. ఫస్ట్ ఇయర్ మార్కుల వల్ల పూర్తిగా మూసుకుపోయే దారులు చాలా తక్కువ. ఫస్ట్ ఇయర్ పాఠాలు రాకుండా వదిలేస్తే మాత్రం సెకండ్ ఇయర్‌లోనూ, ఎంట్రన్స్‌లోనూ అడుగడుగునా అడ్డుపడతాయి. కింది జవాబులన్నీ ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని రాసినవే.

రెండు సబ్జెక్టులు పోయాయి. సెకండ్ ఇయర్ క్లాసులో కూర్చోనిస్తారా?

కూర్చోనిస్తారు. మన ఇంటర్ బోర్డుల్లో ఫస్ట్ ఇయర్ ఫెయిలైనంత మాత్రాన అదే క్లాసు మళ్లీ చదవాల్సిన పని లేదు. రెండు పోయినా, అన్నీ పోయినా సెకండ్ ఇయర్‌కి వెళ్తారు. పోయిన పేపర్లను మేలో జరిగే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో రాసుకోవచ్చు, లేదా వచ్చే ఏడాది సెకండ్ ఇయర్ పరీక్షలతో పాటు రాసుకోవచ్చు.

నా సలహా అడిగితే మేలోనే రాసేయండి. పబ్లిక్ పరీక్షల టైంటేబుల్ ఒకసారి చూడండి. ఒకరోజు ఫస్ట్ ఇయర్ పేపరు ఉంటే మరుసటి రోజు సెకండ్ ఇయర్ పేపరు ఉంటుంది. రెగ్యులర్‌గా రాసేవాళ్లకు మధ్యలో ఒక్కో రోజు ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లకు ఆ రోజు కూడా పరీక్షే. పోయినవాటిని పాసవ్వాలన్న తాపత్రయంలో సెకండ్ ఇయర్ మార్కులు కూడా పడిపోయినవాళ్లను ప్రతి బ్యాచ్‌లో చూస్తున్నాను.

పాసయ్యాను, కానీ మార్కులు బాగా తక్కువ. ఇంప్రూవ్‌మెంట్ రాయాలా?

ఇంప్రూవ్‌మెంట్ అంటే పాసైన పేపర్లనే మార్కులు పెంచుకోవడానికి మేలో సప్లిమెంటరీతో పాటు మళ్లీ రాయడం. చాలామంది రాయాలి, కొందరికి అవసరం లేదు. ముందు భయం పోగొట్టుకోండి: ఇంప్రూవ్‌మెంట్‌లో అంతకంటే తక్కువ వచ్చినా నష్టం లేదు, రెండింటిలో ఎక్కువ వచ్చిన మార్కులనే తీసుకుంటారు. ఏ పేపర్లు రాయాలో మీరే ఎంచుకోవచ్చు.

ఇప్పుడు మెమో ముందు పెట్టుకుని లెక్క వేయండి. 2025 వరకు రెండు రాష్ట్రాల్లోనూ ఎంపీసీకి ఫస్ట్ ఇయర్ 470, సెకండ్ ఇయర్ ప్రాక్టికల్స్‌తో కలిపి 530, మొత్తం 1000 మార్కులు. బైపీసీకి 440, 560. ఎంపీసీ విద్యార్థికి ఫస్ట్ ఇయర్‌లో 260 వచ్చాయనుకుందాం. మొత్తం మీద 750 దాటి ఏ గ్రేడ్ రావాలంటే సెకండ్ ఇయర్‌లో 530కి 490 తెచ్చుకోవాలి. అసాధ్యమని అనను, కానీ ఫస్ట్ ఇయర్‌లో తడబడిన పిల్లాడి నెత్తిన ఇది పెద్ద బరువు. అదే ఇంప్రూవ్‌మెంట్‌తో ఫస్ట్ ఇయర్ మార్కులు 330కి పెరిగితే, సెకండ్ ఇయర్‌లో 420 చాలు. కష్టపడే ఎవరైనా అందుకోగల సంఖ్య అది.

600 అనే గీత కూడా గుర్తుంచుకోండి. ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్‌లో క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో చాలావరకు టెన్త్, ఇంటర్, బీటెక్ అన్నింటిలోనూ 60 శాతం అడుగుతాయి. అప్పుడు వెనక్కి వచ్చి ఇంటర్ మార్కులు మార్చుకునే వీలుండదు. 600 దాటడం అనుమానంగా ఉన్నవాళ్లు ఇంప్రూవ్‌మెంట్ తప్పకుండా రాయండి.

ఎవరికి అవసరం లేదంటే, ఇప్పటికే 400 దాటి, స్నేహితుడికంటే పది మార్కులు తగ్గాయని బాధపడేవాళ్లకు. మీరు ఆ నెల రోజులు ఎంట్రన్స్‌కి చదువుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26లో ఫస్ట్ ఇయర్‌లో చేరినవాళ్లకు సిలబస్, మార్కుల పద్ధతి మారాయి. వాళ్లు తమ మెమోలో ఉన్న గరిష్ఠ మార్కులతోనే ఈ లెక్క వేసుకోవాలి.

సప్లిమెంటరీకి నెల రోజులే ఉంది. ఏం చదవాలి?

నిజంగానే నెలే. 2025లో ఆంధ్రలో ఏప్రిల్ 12న ఫలితాలు వస్తే మే 12న సప్లిమెంటరీ మొదలైంది. తెలంగాణలో ఏప్రిల్ 22న ఫలితాలు, మే 22న పరీక్షలు. ఇందులో మొదటి వారం ఏడుపుకీ, బంధువుల ఫోన్లకీ పోతుంది. మిగిలినవి మూడు వారాలు.

నేను చెప్పే సబ్జెక్టు కాబట్టి లెక్కలతోనే చూపిస్తాను. పాత పద్ధతి మ్యాథ్స్ 1ఏ పేపరు 75 మార్కులు, పాసవడానికి 26. రెండు మార్కుల ప్రశ్నలు పదీ రాయాలి. నాలుగు మార్కులవి ఏడింటిలో ఐదు, ఏడు మార్కులవి ఏడింటిలో ఐదు రాయాలి. ఇప్పుడు ఏ చాప్టర్ నుంచి ఎంత వస్తుందో చూడండి. మాత్రికల నుంచి ఏడు మార్కుల ప్రశ్నలు రెండు, నాలుగు మార్కులది ఒకటి, రెండు మార్కులవి రెండు: మొత్తం 22. గణితానుగమనం నుంచి ఒక ఏడు మార్కుల ప్రశ్న. ఈ రెండు చాప్టర్లు గట్టిగా వస్తే 29. పేపరు పాసైనట్టే.

మాత్రికల్లో కూడా అడిగేది చాలావరకు మూడు సమీకరణాల సాధనే. క్రామర్ పద్ధతి, విలోమ మాత్రిక పద్ధతి, గాస్-జోర్డాన్ పద్ధతి. పిల్లల పేపర్లు దిద్దుతుంటే ఒకే తప్పు పదేపదే కనిపిస్తుంది. పద్ధతి తెలుసు, సహగుణకాల దగ్గర ప్లస్-మైనస్ గుర్తు ఒక్కటి తప్పుతుంది, అక్కడి నుంచి కిందిదంతా తప్పే. అందుకే నేను వాళ్లచేత ముందు గుర్తుల పట్టిక గీయిస్తాను, ఆ తర్వాతే లెక్క. చివర్లో వచ్చిన ఎక్స్, వై, జెడ్ విలువలను మొదటి సమీకరణంలో వేసి సరిచూసుకోవడం అరనిమిషం పని. ఆ అరనిమిషం ఏడు మార్కులను కాపాడుతుంది.

1బీలో సరళరేఖల నుంచి 15, సరళరేఖాయుగ్మాల నుంచి 14 మార్కులు వచ్చేవి. వాటితో మొదలుపెట్టండి. ఫిజిక్స్‌లో రెండు మార్కుల ప్రశ్నలు పది కలిపితే 20, పాసవడానికి కావలసింది 21. అంటే అక్కడ చిన్న ప్రశ్నలే ముందు పట్టాలి. కెమిస్ట్రీదీ అదే పద్ధతి.

పాసవడానికి ఇంత చాలు. ఇంప్రూవ్‌మెంట్ రాసేవాళ్లు మాత్రం వచ్చిన చాప్టర్లనే మళ్లీ మళ్లీ చదవకుండా, మార్చిలో వదిలేసిన చాప్టర్లను తీయండి. మార్కులు పెరిగేది అక్కడే.

టెన్త్‌లో మా అమ్మాయి స్కూల్ ఫస్ట్. ఇంటర్‌లో ఇలా ఎందుకైంది?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు అమ్మాయి పక్కనే ఉంటుంది, తలొంచుకుని. దయచేసి ఆమె ముందు అడగకండి.

కారణాలు చాలావరకు ఆమె చేతిలో లేనివి. టెన్త్‌లో పాఠ్యపుస్తకం మొత్తం ఏడాదిలో రెండు మూడుసార్లు తిరగేయడానికి టైం ఉంటుంది. ఇంటర్‌లో పాఠం ఒకసారే, అదీ వేగంగా. త్రికోణమితి టెన్త్‌లో ఒకటి రెండు చాప్టర్లు, ఇంటర్ పాత సిలబస్‌లో ఐదు. చాలామంది మొదటిసారి ఇల్లు వదిలి హాస్టల్లో చేరేది కూడా ఇప్పుడే. తిండి సరిపడదు, నిద్ర చాలదు, పరీక్షలు మాత్రం వారం వారం. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఇంగ్లిష్ మీడియం పాఠం మొదటి మూడు నెలలు అర్థమే కాదు. ఆ మూడు నెలల్లో జరిగిన చాప్టర్లు ఏడాదంతా వెంటాడతాయి.

ఇంకోటి కూడా చెప్పాలి. చేరిన వెంటనే ఐఐటీ బ్యాచ్‌లో వేసి, నాలుగు నెలల తర్వాత వీక్లీ టెస్ట్ ర్యాంకు చూసి కింది సెక్షన్‌కి మార్చేస్తే, అప్పటిదాకా తెలివైనదాన్నని నమ్మిన పిల్ల ఒక్కసారిగా ఆ నమ్మకం పోగొట్టుకుంటుంది. ఆ తర్వాత పుస్తకం తెరిచినా ఎక్కదు. మార్కుల మెమోలో ఇవేవీ కనిపించవు. ఏ నెలలో, ఏ సబ్జెక్టులో జారిందో నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. కారణం తెలిస్తేనే సెకండ్ ఇయర్‌లో ఏం మార్చాలో తెలుస్తుంది.

ఎంసెట్ ర్యాంకు మీద ఫస్ట్ ఇయర్ మార్కుల ప్రభావం ఎంత?

రెండు రాష్ట్రాల్లో రెండు పద్ధతులు. తెలంగాణ ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకు వెయిటేజీ తీసేశారు. ర్యాంకు పూర్తిగా పరీక్షలో వచ్చిన మార్కులతోనే. కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే) సీటుకి ఇంటర్ పాసై, గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వుడ్ వర్గాలకు 40 శాతం ఉంటే చాలు. అంటే ఫస్ట్ ఇయర్ మార్కులు ఎంత తక్కువైనా, ఆ గీత దాటితే, అందరితో సమానంగా పోటీపడొచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం, పరీక్షకు 75 శాతం వెయిటేజీ. ఇక్కడే పిల్లలు లేనిపోని టెన్షన్ పడతారు. కాగితం మీద వేసి చూపిస్తాను. ఎంపీసీ గ్రూపు సబ్జెక్టులకు పాత పద్ధతిలో రెండేళ్లకు కలిపి 600 మార్కులు, అందులో ఫస్ట్ ఇయర్‌వి 270. ఒక అబ్బాయికి ఫస్ట్ ఇయర్‌లో 140, సెకండ్ ఇయర్‌లో 290 వచ్చాయి. మొత్తం 430. వెయిటేజీ దాదాపు 17.9. అతని స్నేహితుడికి 240, 310 కలిపి 550. వెయిటేజీ 22.9. తేడా 5 పాయింట్లు. పరీక్షలో 160 మార్కులను 75కి కుదిస్తారు కాబట్టి, ఆ 5 పాయింట్లు దాదాపు 11 ప్రశ్నలకు సమానం. నార్మలైజేషన్ (వేర్వేరు షిఫ్టుల పేపర్ల కష్టాన్ని సమం చేసే లెక్క) వల్ల కాస్త అటూ ఇటూ కావొచ్చు.

160 ప్రశ్నల పేపరులో 11 ప్రశ్నలు. ర్యాంకుల దగ్గర అది చిన్న తేడా కాదు, నిజమే. కానీ ఏడాది టైం ఉంది, నెగటివ్ మార్కులు లేవు, అందులో 80 ప్రశ్నలు లెక్కలే. ఆ 11 ప్రశ్నలను పూడ్చుకోలేమని చేతులెత్తేయాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు. ఇంప్రూవ్‌మెంట్‌లో గ్రూపు సబ్జెక్టుల్లో 60 మార్కులు పెరిగితే తేడా సగం అవుతుంది.

ఒక్క జాగ్రత్త. ఈఏపీసెట్ ప్రశ్నలు రెండేళ్ల సిలబస్ నుంచీ వస్తాయి. మార్కులకు వెయిటేజీ లేని తెలంగాణలో కూడా ఫస్ట్ ఇయర్ పాఠాలకు వెయిటేజీ ఉన్నట్టే.

జేఈఈ ఆశలు వదులుకోవాలా?

వదులుకోవద్దు. జేఈఈ మెయిన్ రాయడానికి ఇంటర్‌లో ఇంత శాతం ఉండాలన్న నిబంధన లేదు. ఎన్ఐటీ, ట్రిపుల్ ఐటీల్లో సీటు తీసుకునేటప్పుడు 75 శాతం అడుగుతారు, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. లేదంటే మీ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే పైనుంచి 20 శాతం మందిలో ఉండాలి. రెండింటిలో ఏదో ఒకటి చాలు. ఐఐటీలకూ ఇలాంటి నిబంధనే.

ఇక్కడ భాషల మార్కులు కూడా లెక్కలోకి వస్తాయి. ఎంట్రన్స్ మోజులో ఇంగ్లిష్, తెలుగు లేదా సంస్కృతం పుస్తకాలు పరీక్ష ముందురోజు తెరిచేవాళ్లు ఈ 75 దగ్గర ఆగిపోతారు. మెయిన్‌లో మంచి పర్సంటైల్ వచ్చి కూడా ఇంటర్ శాతం చాలక ఆగిపోవడం కంటే బాధ ఇంకోటి ఉండదు. లాంగ్వేజీ పేపర్లలో ఇంప్రూవ్‌మెంట్‌తో మార్కులు పెంచుకోవడం లెక్కల్లో కంటే తేలిక. మీరు సీటు తీసుకునే ఏడాది వచ్చే జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగ్) బిజినెస్ రూల్స్‌ని మాత్రం పూర్తిగా చదవండి.

మెయిన్ ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, ఏప్రిల్‌లో ఉంటుంది. రెండింటిలో ఎక్కువ స్కోరు తీసుకుంటారు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఎంచుకోవచ్చు. బిట్స్ పిలానీ లెక్క వేరు: ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 75 శాతం, ఒక్కోదాంట్లో కనీసం 60.

బైపీసీ. నీట్‌కి ఏమైనా ఇబ్బందా?

ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40. సీటు మాత్రం పూర్తిగా నీట్ ర్యాంకుతోనే. ఎన్నిసార్లు రాయాలన్నదానికి పరిమితి లేదు, గరిష్ఠ వయోపరిమితిని 2022లో తీసేశారు. ఫస్ట్ ఇయర్ బోటనీ, జువాలజీలను వదిలేసి నీట్‌లో గట్టెక్కడం మాత్రం కుదరదు. ఎంబీబీఎస్ రాకపోతే ఏమీ లేదనుకోకండి. అగ్రికల్చర్ బీఎస్సీ, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ అన్నీ ఈ గ్రూపువే.

సెకండ్ ఇయర్ పాఠాలు నడుస్తుంటే ఫస్ట్ ఇయర్ లోటు ఎప్పుడు పూడ్చుకోవాలి?

అన్నీ మళ్లీ మొదటి నుంచి చదవాలనుకుంటే రెండు వారాల్లో చేతులెత్తేస్తారు. సెకండ్ ఇయర్‌లో ఏ పాఠం ఫస్ట్ ఇయర్‌లో దేని మీద ఆధారపడి ఉందో చూసుకుని, దానికి వారం ముందు అది తిరగేయండి. పది మందిలో ఎనిమిది మందికి పనిచేసే పద్ధతి ఇదే.

2బీలో వృత్తాలు మొదలయ్యేలోపు 1బీలో సరళరేఖలు రావాలి: వాలు, లంబ దూరం, రెండు రేఖల ఖండన బిందువు. ఇంటిగ్రేషన్ మొదలయ్యేలోపు డిఫరెన్షియేషన్ సూత్రాలు చూడకుండా రాయగలగాలి, త్రికోణమితి సర్వసమీకరణాలు కూడా. 2ఏలో డిమోయివర్ సిద్ధాంతానికి మళ్లీ త్రికోణమితే కావాలి. అదే 2ఏలో ప్రస్తారాలు-సంయోగాలు, సంభావ్యత చాప్టర్లకు ఫస్ట్ ఇయర్‌తో పెద్దగా పని లేదు. పాతది ఏమీ రాని పిల్లలు కూడా ఇక్కడ అందరితో పాటు కొత్తగా మొదలుపెట్టొచ్చు. ఫస్ట్ ఇయర్‌లో దెబ్బతిన్నవాళ్లచేత నేను ముందు ఈ చాప్టర్లే చేయిస్తాను. ఒక్క వీక్లీ టెస్ట్‌లో మంచి మార్కులు వచ్చాయంటే, సబ్జెక్టు మీదే కాదు, తమ మీద తమకే నమ్మకం తిరిగొస్తుంది.

ఫిజిక్స్‌లో అయస్కాంత క్షేత్రంలో ఆవేశం తిరిగే పాఠం వృత్తాకార చలనం రానివాళ్లకు అర్థం కాదు. విద్యుత్ క్షేత్రాలకు సదిశలు, పని-శక్తి కావాలి. కెమిస్ట్రీలో సెకండ్ ఇయర్ ఆర్గానిక్ మొత్తం ఫస్ట్ ఇయర్ హైడ్రోకార్బన్ల మీదే నిలబడుతుంది. పేర్లు పెట్టే పద్ధతి, ప్రేరేపక ప్రభావం రాకపోతే రసాయన చర్యలన్నీ బట్టీ పట్టాల్సి వస్తుంది, అవి పరీక్ష దాకా గుర్తుండవు. ఎలక్ట్రోకెమిస్ట్రీకి ముందు రెడాక్స్ చర్యలు.

టైం విషయానికొస్తే, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు ఈ పనికే కేటాయించండి. హాస్టల్ పిల్లలైతే స్టడీ అవర్‌లో లెక్చరర్‌ని అడగండి. ఫస్ట్ ఇయర్ డౌటు ఇప్పుడు అడిగితే నవ్వుతారని చాలామంది జంకుతారు. అడిగిన పిల్లల్ని ఏ మంచి మాస్టారూ తక్కువ చేసి చూడరు.

మాది తెలుగు మీడియం నేపథ్యం. ఇంగ్లిష్‌లో అర్థం కావడం లేదు.

తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి. ముందు పాఠాన్ని తెలుగులో చదివి అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో రాయడం అలవాటు చేసుకోండి. అవకలనం, సమాకలనం అంటే ఇంగ్లిష్‌లో ఏమంటారో ఒక నోట్సులో రాసుకుంటే ఒక్కో సబ్జెక్టుకి నాలుగైదు పేజీలు దాటదు. ఈఏపీసెట్‌లో ప్రశ్నలు తెలుగులో కూడా ఇస్తారు, నీట్‌నీ తెలుగులో రాయొచ్చు.

ఎంపీసీ నావల్ల కాదనిపిస్తోంది. గ్రూపు మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, కానీ కొత్త గ్రూపులో ఫస్ట్ ఇయర్ పేపర్లు మళ్లీ రాయాలి. సీఈసీ, హెచ్ఈసీ లాంటి ఆర్ట్స్ గ్రూపులను కాలేజీకి వెళ్లకుండా, హాజరు మినహాయింపు ఫీజు కట్టి ప్రైవేటుగా రాసే వీలు కూడా ఉంది. ఓపెన్ స్కూల్లో ఇంటర్ చేయడం ఇంకో దారి. తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు వేర్వేరు ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి.

నిర్ణయం తీసుకునే ముందు ఒక్కటి తేల్చుకోండి. మీకు లెక్కలే ఇష్టం లేదా, లేక ఆ కాలేజీలో చెప్పిన తీరు ఎక్కలేదా? రెండోదైతే గ్రూపు మార్చకండి, ట్యూషన్ మార్చండి. మొదటిదైతే ఇంకో ఏడాది లాగించకుండా మార్చేయండి. కామర్స్‌కి వెళ్లిన పిల్లలు సీఏ ఫౌండేషన్ రాయాలంటే ఇంటర్ పాసైతే చాలు, మార్కుల శాతం అడగరు. ఎంపీసీలో 35 మార్కులతో ఈడ్చుకొచ్చిన పిల్లలు కామర్స్‌లో హాయిగా చదువుకోవడం నేను కళ్లారా చూశాను. ఎంపీసీ తీసుకుంటేనే భవిష్యత్తు అన్న మాటను ఇళ్లలో ఇకనైనా ఆపాలి.

పాలిటెక్నిక్‌లో చేరితే?

ఇది చాలామంది పట్టించుకోని మంచి దారి. పాలిసెట్‌కి టెన్త్ పాసైతే చాలు, ఇంటర్ మార్కులతో సంబంధం లేదు. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ సెకండ్ ఇయర్‌లో చేరొచ్చు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపితే ఆరు. డిప్లొమా మూడు, బీటెక్ మూడు కలిపినా ఆరే. ఇప్పుడు మారితే మీకు పోయేది ఇంటర్‌లో గడిపిన ఒక్క ఏడాది. చేత్తో పని చేస్తూ నేర్చుకునే పిల్లలకు, వర్క్‌షాప్ అంటే ఇష్టపడేవాళ్లకు ఇది బాగా సరిపోతుంది. డిప్లొమా పూర్తయ్యాక ఉద్యోగంలో చేరే వీలూ ఉంటుంది.

మామూలు డిగ్రీలో చేరితే భవిష్యత్తు ఉందా?

ఉంది. తెలంగాణలో 2016 నుంచి దోస్త్ ద్వారా, ఆంధ్రలో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ విధానంలో డిగ్రీ సీట్లు ఇస్తున్నారు. ఇంటర్ మార్కుల మెరిట్ చూస్తారు కాబట్టి పేరున్న కాలేజీలో మొదటి విడతలోనే సీటు కావాలంటే మార్కులు కావాలి. సప్లిమెంటరీలో పాసైనవాళ్లకు తర్వాతి విడతలు ఉంటాయి. వెబ్ ఆప్షన్లు రెండు మూడు పెట్టి ఊరుకోకండి, మీరు నిజంగా వెళ్లగల కాలేజీలన్నీ పెట్టండి.

డిగ్రీ నుంచి ముందుకు దారులు చాలానే ఉన్నాయి. బీఎస్సీ చేసి జామ్ రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయొచ్చు. ఐసెట్‌తో ఎంబీఏ, ఎంసీఏ, లాసెట్‌తో మూడేళ్ల లా, ఎడ్‌సెట్‌తో బీఈడీ. ఇంట్లో పరిస్థితుల వల్ల ఉద్యోగం చేస్తూ చదవాల్సినవాళ్లకు హైదరాబాద్‌లో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైన ఈ యూనివర్సిటీ దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ చదవాలనుకునేవాళ్లు ఇంటర్ సెకండ్ ఇయర్‌లో ఉండగానే సీయూఈటీ అనే ప్రవేశ పరీక్షకి దరఖాస్తు చేయాలి. అక్కడ పరీక్ష స్కోరే ప్రధానం. మన పిల్లలు ఎందుకో దీన్ని ఎక్కువగా రాయరు, రాయాలి.

లాంగ్ టర్మ్ (ఇంటర్ అయ్యాక ఏడాది పాటు ఎంట్రన్స్ కోచింగ్) పెట్టించమంటారా?

సెకండ్ ఇయర్ ఫలితాలు రాకముందే ఈ మాట ఎత్తకండి. "ఎలాగూ లాంగ్ టర్మ్ ఉందిగా" అన్న ఆలోచన వచ్చిందంటే సెకండ్ ఇయర్ కూడా చేజారుతుంది. ఫలితాలు వచ్చాక, కావలసిన ర్యాంకుకి దగ్గరగా వచ్చి ఆగిపోయినవాళ్లకైతే ఒక ఏడాది విలువైనదే. ఆ ఏడాది ఎందుకు కావాలో పిల్లలే చెప్పగలగాలి. అమ్మానాన్నల కోరిక మీద చేరినవాళ్లకు ర్యాంకు రావడం నేను అరుదుగా చూశాను.

డొనేషన్ కట్టి మేనేజ్‌మెంట్ సీటు తీసుకుంటే సరిపోతుందిగా?

డబ్బున్నవాళ్లకు అది వీలే. కానీ ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేది వాటికే. ఫస్ట్ ఇయర్ మార్కులు చూసి ఇప్పుడే అడ్వాన్సు కట్టమనే ఏజెంట్లు ఉంటారు. ఇంప్రూవ్‌మెంట్‌లో మార్కులు వేయిస్తామనేవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

పేపరు సరిగ్గా దిద్దలేదనిపిస్తోంది. ఏం చేయాలి?

రీకౌంటింగ్‌లో మార్కుల కూడిక మాత్రమే చూస్తారు. రీ-వెరిఫికేషన్‌కి దరఖాస్తు చేస్తే దిద్దిన జవాబుపత్రం స్కాన్ కాపీ ఇస్తారు. ఫలితాలు వచ్చాక దీనికి గడువు వారం, పది రోజులే ఉంటుంది. బాగా రాశానన్న నమ్మకం ఉన్న పేపరుకి తప్పకుండా పెట్టండి. ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లిమెంటరీ ఫీజు గడువు దాటనివ్వకండి, రెండూ ఒకేసారి కట్టేయండి.

మేం అమెరికాలో ఉంటాం. మా బాబుకి నైన్త్ గ్రేడ్‌లో జీపీఏ పడిపోయింది. అక్కడా ఇదేనా?

అక్కడ బోర్డు పరీక్ష కాదు, నాలుగేళ్ల ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్ల పట్టిక) చూస్తారు. ఏటేటా గ్రేడ్లు మెరుగవుతుంటే దాన్ని మంచిగానే తీసుకుంటారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అయితే నైన్త్ గ్రేడ్ మార్కులను జీపీఏ లెక్కలోకి తీసుకోదు, టెన్త్, లెవెన్త్‌వే చూస్తుంది. కాకపోతే నైన్త్‌లో తీసుకోవాల్సిన కోర్సులు కనీసం సీ గ్రేడ్‌తో పాసై ఉండాలి. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవడం అక్కడ ఎంతోమంది వెళ్లే దారి. మన కుటుంబాల్లో దాన్ని చిన్నతనంగా చూస్తారు. ఖర్చు సగానికి తగ్గి, చేతికొచ్చేది అదే యూనివర్సిటీ డిగ్రీ అయినప్పుడు చిన్నతనం ఏముంది?

ఫలితాలు వచ్చినప్పటి నుంచి మా వాడు గదిలోంచి రావడం లేదు, సరిగ్గా తినడం లేదు.

సప్లిమెంటరీ, ఇంప్రూవ్‌మెంట్, ఎంసెట్ అన్నీ పక్కన పెట్టండి. ముందు పిల్లాడి దగ్గర కూర్చోండి. ఫలితాల రోజుల్లో మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో అందరికీ తెలుసు. చనిపోవాలని ఉందన్నా, వస్తువులు ఎవరికైనా ఇచ్చేస్తున్నా, ఉన్నట్టుండి అందరికీ సారీ చెబుతున్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. పిల్లలు కూడా నేరుగా చేయొచ్చు.

బంధువులు ఫోన్ చేసి మార్కులు అడిగితే మీరే మాట్లాడండి, పిల్లాడికి ఇవ్వకండి. "పాసయ్యాడా, ఎన్నొచ్చాయి" అంటే "చదువుకుంటున్నాడు అన్నయ్యా, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేయండి. పక్కింటి పిల్లల మార్కుల ఊసు ఇంట్లో ఎత్తకండి. వాడు నాలుగు ముద్దలు తిని, రాత్రి నిద్రపోయి, తనంతట తానే పుస్తకం సంగతి ఎత్తేదాకా ఆగండి. సప్లిమెంటరీ ఫీజు మాత్రం చివరి తేదీలోపు మీరే కట్టేసి ఉంచండి. రాయాలా వద్దా అన్నది వాడు కుదుటపడ్డాక నిర్ణయించుకోవచ్చు.